గాలి మేస్త్రి

కుడికాలి బూటు తొడిగిన తర్వాత ఎడమకాలి బూటు తొడగడానికి ఆయనకు కొంత వ్యవధి కావాలి. ఆ కాసేపూ ఊరికే కూర్చుంటే భార్య కనిపెడుతుంది. అందుకని బూటు తలకిందులు చేసి, లోపల రాయి పడ్డట్టు రెండు మూడుసార్లు విదిలిస్తాడు. రాయేమీ రాలదు.

"రోజూ ఆ బూటులోకే రాయి ఎలా దూరుతుందండీ?" అంది భార్య, భోజనం డబ్బా మూత బిగిస్తూ.

"రాళ్ళతోనే కదా మన బతుకు. అభిమానం కొద్దీ వస్తాయి."

ఆ ఒక్క మాటకే ఊపిరి అయిపోయింది. మళ్ళీ బూటు విదిలించాడు.

ఆమె నవ్వి ఊరుకుంది. నవ్విందే గాని కళ్ళు ఆయన మెడ దగ్గరే ఆగాయి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడకింద గుంట లోతుగా పడుతోంది. ఆయన చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. ఏడాదిగా వాళ్ళిద్దరి మధ్యా నడుస్తున్న దాగుడుమూతలు అవే. ఆయన దాస్తాడు, ఆమె కనిపెట్టనట్టు నటిస్తుంది.

వాళ్ళుండేది రెండో అంతస్తులో. దిగడం పరవాలేదు. ఎక్కేటప్పుడు మాత్రం పదకొండో మెట్టు దగ్గర ఆగి, గోడకు అంటించిన నీళ్ళ సరఫరా నోటీసు చదువుతాడు. అది రెండేళ్ళనాటిది. ఆ నోటీసు ఆయనకిప్పుడు అక్షరం పొల్లుపోకుండా కంఠతా వచ్చు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇవాళ చెప్పెయ్యాలి అనుకున్నాడు. నిన్నా అలాగే అనుకున్నాడు. మొన్నా అంతే.

ఆయన పనిచేసేది రాతి షెడ్డులో. వంటింటి గట్ల మీద పరిచే పెద్ద పలకలను కోసి, అంచులు నునుపు చేసి ఇళ్ళకు పంపుతారు. కొండనుంచి తవ్వి తెచ్చిన రాయి కాదది. రాయిని పిండి చేసి, జిగురు కలిపి, ఫ్యాక్టరీలో పలకలుగా అదుముతారు. మరక పడదని, గీత పడదని జనం ఎగబడి కొంటారు. పిండిని రాయిగా చేశారు కాబట్టి, రంపం తగిలిందంటే అది మళ్ళీ పిండైపోతుంది. కంటికి కనిపించేదంతా నేలమీద పడుతుంది. కనిపించనిదే గాలిలో తేలుతుంది. ఈ తేడా ఆ షెడ్డులో మొన్నటిదాకా ఎవరికీ తెలియదు.

ఆయన పని అంచులకు మెరుగు పెట్టడం. కళ్ళు మూసుకుని బొటనవేలు అంచు పొడుగునా నడిపిస్తాడు. ఎక్కడ వెంట్రుకంత గరుకుంటే అక్కడ వేలు ఆగిపోతుంది. ఇరవై మూడేళ్ళు అలా నడిచి నడిచి ఆ వేలిమీది గీతలన్నీ చెరిగిపోయాయి. ఒకసారి ఏదో కార్డుకోసం వేలిముద్ర వెయ్యబోతే యంత్రం ఆయన్ని మనిషిగా ఒప్పుకోలేదు. ఆ సంగతి ఆయన ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

కానీ షెడ్డులో ఆయనకు పేరు తెచ్చింది మెరుగు కాదు, గాలి. అందరూ ఆయన్ని గాలి మేస్త్రి అంటారు.

పందొమ్మిదేళ్ళ కిందట కూతురు చంటిపిల్ల. పని నుంచి రాగానే ఎత్తుకోబోతే భార్య గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఆ పిండి ఒంటితో పిల్లని ముట్టుకోకండి" అంది. తిట్టినా ఆయన అంత బాధపడేవాడు కాదు. మర్నాడు సాయంత్రం షెడ్డులో ఆలోచిస్తూ నిలబడ్డాడు. రాతి గాట్లలో ఇరుక్కున్న పొడిని ఊదడానికి కంప్రెసర్ ఉంది. దాని పైపుకు చివర ఇత్తడి నాజిల్. గాట్లలో పొడి పోయినప్పుడు చొక్కా మీద పొడి పోదా? పైపు తనమీదకే తిప్పుకున్నాడు. తెల్లటి చొక్కా క్షణంలో నీలం చొక్కా అయింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాడు.

అంతే, అది ఆ షెడ్డుకు ఆచారమైపోయింది. సాయంత్రం రంపాలు ఆగగానే మగవాళ్ళంతా వరసగా వచ్చి ఆయన ముందు నిలబడతారు. కాలరు, భుజాలు, చంకలు, తిరగేసిన జేబులు, జుట్టు, ఆఖరున బూట్లు. ఈ వరస ఎన్నడూ తప్పదు. "కళ్ళు మూసుకో, నోరు మూసుకో, పెళ్ళాం తిట్లు తప్ప అన్నీ పోతాయి" అంటూ కొడతాడు. ఎవరి వంతు అయితే వాళ్ళు బయటికి వెళ్ళిపోతారు. పైపు పట్టుకున్నవాడు మాత్రం అందరి దుమ్ములోనూ చివరిదాకా నిలబడాలి. అందరికీ అయ్యాక తనకు తాను కొట్టుకుంటాడు. ఇల్లు చేరేసరికి పెళ్ళికి వెళ్ళొచ్చినవాడిలా శుభ్రంగా ఉంటాడు. "మీ ఆయన రాళ్ళపని చేస్తాడంటే నమ్మబుద్ధి కాదు" అని ఇరుగుపొరుగు అంటే భార్య మురిసిపోయేది.

మూడు రోజుల కిందట ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఆయన ఎక్స్‌రేను వెలుగుకు ఎత్తి పట్టుకుంది. నల్లగా ఉండాల్సినచోట పిండి చల్లినట్టు చుక్కలున్నాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం చేస్తారో చెప్పమంది. ఆయన అన్నీ చెప్పాడు. గాలి సంగతి దగ్గరకు వచ్చేసరికి కాస్త ఉత్సాహంగానే చెప్పాడు. ఆమె రాయడం మానేసి కలం బల్లమీద పెట్టింది.

"అది ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరూ నేర్పలేదమ్మా. నేనే కనిపెట్టాను."

ఆమె మళ్ళీ కలం తీసుకుంది. తర్వాత కాగితం మీద రెండు సంచుల బొమ్మ గీసి నెమ్మదిగా చెప్పింది. "ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. దుమ్మొస్తే పట్టుకుని మింగేస్తాయి. మామూలు దుమ్మైతే అరిగిపోతుంది. ఈ రాతిపొడి అరగదు. మింగిన కణం లోపల్నించి చిరిగి చచ్చిపోతుంది. పొడి మళ్ళీ బయటపడుతుంది. ఇంకో కణం వచ్చి దాన్నే మింగుతుంది. అదీ చస్తుంది. చచ్చినచోటల్లా వాపు. వాచినచోటల్లా గట్టి మచ్చ. మచ్చలోంచి గాలి పోదు."

"అంటే మింగలేకా కక్కలేకా చస్తాయన్నమాట" అన్నాడు ఆయన.

"అవును. మీరు నేలకి దిగిన దుమ్ముని, బట్టలకి అంటుకున్న దుమ్ముని మళ్ళీ గాలిలోకి లేపుతున్నారు. రోజు మొత్తంలో అందరూ ఎక్కువ పీల్చేది ఆ అరగంటలోనే."

"పని మానేస్తే ఆగుతుందా అమ్మా?"

"లోపలికి పోయింది పోదు. కొత్తది పోకుండా చూడాలి. మిగతావాళ్ళకి చెప్పండి. ఇవాళే చెప్పండి."

చెప్పడానికి నోరుండాలి కదా. పోయిన చలికాలంలో, షెడ్డులో తోటి పనివాడు పొడుగాయన దగ్గి దగ్గి చచ్చిపోయాడు. అందరిలోకీ పొడుగాయనకు జుట్టు ఎక్కువ. పొడి పోదని రెండుసార్లు కొట్టించుకునేవాడు. శవం దగ్గర ఆయన భార్య ఈయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "మా పిల్లల్ని ఒక్కనాడు దుమ్ము చేత్తో ముట్టుకోనివ్వలేదన్నయ్యా మీరు" అంది. ఆ మాట అప్పుడు చల్లగా తగిలింది. ఇప్పుడు నిజం చెప్పాలంటే ముందు ఆ చేతుల సంగతి చెప్పాలి. అందుకే ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు నిన్నటిదాకా, వరసలో నిలబడ్డవాళ్ళకు మాట్లాడకుండా గాలి కొట్టాడు. అంత పిరికివాడినని ఆయనకు అదివరకు తెలియదు.

ఇవాళ పొద్దున షెడ్డులో టీ దగ్గర గొంతు సవరించుకున్నాడు. "మీకో మాట చెప్పాలి."

బట్టతలాయన వెంటనే అందుకున్నాడు. షెడ్డులో అందరికంటే పాత మనిషి, నోటికి తాళం లేనివాడు. "తెలుసులే. పని మానేస్తానంటావు. మానెయ్, కానీ ఆ పైపు ఎవరికి రాసిస్తున్నావో చెప్పి పో."

"ఇంకెవరికి, బావమరిదికే" అన్నాడు మరొకడు. అందరూ నవ్వారు.

బావమరిది కూడా నవ్వాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆరేళ్ళ కిందట ఈయనే తీసుకొచ్చి రంపం దగ్గర పెట్టించాడు. "నాకంత పనితనం ఎక్కడిది? బావ కొట్టినట్టు ఎవరు కొడతారు?" అన్నాడు. మాట వినయంగానే ఉంది గాని మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి ఆయన చేతిలోని టీ అలాగే పారబోశాడు.

మధ్యాహ్నం ఇద్దరూ పలకల నీడన కూర్చుని డబ్బాలు విప్పారు. ఆయన రెండు ముద్దలు తిని మూత పెట్టాడు. తినడానికీ ఊపిరి పీల్చడానికీ ఒకే నోరు చాలడం లేదు.

"మా చిన్నది ఉంది చూశావూ" అన్నాడు బావమరిది. "తలుపు తియ్యగానే కుర్చీ ఎక్కి రెడీగా ఉంటుంది. ఒక్క దూకు. సరిగ్గా ఇక్కడ." గుండెలమీద చరుచుకున్నాడు. చరుచుకోగానే దగ్గొచ్చింది. పొడి దగ్గు, చిన్నది.

"ఎన్నాళ్ళబట్టిరా?"

"ఏంటి?"

"దగ్గు."

"దగ్గెక్కడిది బావా? గొంతులో ఏదో గరగర. అంతే."

పొడుగాయన మొదట్లో ఇదే మాట అన్నాడు. గరగర.  చెప్పు, ఇప్పుడు చెప్పు అని మనసు పోరుపెట్టింది. బావమరిది ఫోన్లో కూతురి ఫొటో తీసి మొహం మీద పెట్టాడు. కుర్చీ మీద నిలబడి, రెండు చేతులూ చాచి ఉంది పిల్ల. ఆయన ఫొటో చూశాడు, "బాగుంది" అన్నాడు, డబ్బా పట్టుకుని లేచాడు.

కంప్రెసర్ దగ్గర ఎవరూ లేరు. పైపు మేకుకు వేలాడుతోంది. ఇత్తడి నాజిల్ పట్టుకుని తిప్పాడు. పందొమ్మిదేళ్ళు అరచేతిలో ఒరుసుకుని అది ఒకవైపు అరిగింది. నాలుగు చుట్లు తిరిగి ఊడి చేతిలోకి వచ్చింది. భోజనం డబ్బా మూత తీసి, మిగిలిన అన్నం పక్కన దాన్ని పడేసి మూత బిగించాడు. నాజిల్ లేదు కాబట్టి గాలి లేదు. గాలి లేదు కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా పని జరిగిపోతుందనుకున్నాడు.

సాయంత్రం రంపాలు ఆగాయి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దంలో చెవులు కాసేపు వాటంతట అవే మోగుతుంటాయి. మిగతా ఏడుగురూ వచ్చి వరసలో నిలబడ్డారు. కనుబొమల దగ్గర్నుంచి బూట్ల దాకా అందరిదీ ఒకే రంగు.

"నాజిల్ కనపడటం లేదు" అన్నాడు ఆయన, నేల చూస్తూ. "ఇవాల్టికి చేత్తో దులుపుకుని పోండి."

"నాజిల్ పోతే కొంప మునిగిందా?" అన్నాడు బట్టతలాయన. "పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కొడితే సరి."

బావమరిది అప్పుడే మేకు నుంచి పైపు తీశాడు. "నువ్వు కూర్చో బావా. ఇవాళ నేను కొడతా. రోజూ నువ్వేనా?"

ఆయన వద్దనే లోపే కంప్రెసర్ స్విచ్ పడింది. బావమరిది ఆయన నిలబడేచోట, అచ్చం ఆయనలాగే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. బొటనవేలు అడ్డం పెట్టాడు. పైపు బుస్సుమంది. బట్టతలాయన కాలరు మీంచి దుమ్ము లేచింది.

పందొమ్మిదేళ్ళలో ఆయన దాన్ని పక్కనుంచి చూడటం అదే మొదలు. ఎప్పుడూ పైపు పట్టుకుని ఎదురుగా కళ్ళు చికిలించుకుని నిలబడ్డవాడే. దుమ్ము పోతోందని తెలుసు గాని ఎటు పోతోందో చూడలేదు. ఇప్పుడు తలుపులోంచి వాలు ఎండ పడుతోంది. ఆ ఎండలో అంతా కనిపించింది. బట్టతలాయన భుజాల మీంచి లేచిన దుమ్ము ఎక్కడికీ పోలేదు. ఒక్కసారి పైకి లేచి, మెల్లగా మెలి తిరిగి, బావమరిది మొహం చుట్టూ మూగింది. బావమరిది నోరు కొంచెం తెరిచి నవ్వుతున్నాడు. "కళ్ళు మూసుకో, నోరు మూసుకో..." అంటున్నాడు, ఆయన మాటలే, ఆయన గొంతుతోనే.

అక్కడినుంచి కంప్రెసర్‌కు పది అడుగులు. ఆయన పరుగెత్తాడు. పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. స్విచ్ మీద చెయ్యి వేసి, గోడకు ఆనుకున్నాడు. పైపులో మిగిలిన గాలి మూలిగి ఆగిపోయింది.

"ఆపరా" అన్నాడు. అప్పటికే ఆగింది.

"ఏమైంది బావా?"

"ఇది... దులపడం కాదు." ఊపిరి కోసం ఆగాడు. అందరూ ఆగారు. "ఒకడి మీంచి తీసి... ఇంకొకడి గుండెలో... పెట్టడం. డాక్టరమ్మ చెప్పింది. మూడు రోజులైంది. నేను... చెప్పలేదు."

ఆయన మళ్ళీ ఊపిరి కూడదీసుకున్నాడు.

"పొడుగాయన... రెండుసార్లు కొట్టించుకునేవాడు. గుర్తుందా? కొట్టింది... నేను."

బట్టతలాయన తలకు అంటిన పిండిని వేలితో తీసి చూసుకున్నాడు.  ఒకడు తన చొక్కా వైపు, అది పామైనట్టు చూసుకున్నాడు.

"మరి ఇంటికెలా వెళ్ళమంటావు?" అన్నాడు బావమరిది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మా చిన్నది మీదకి దూకుతుంది బావా."

ఆయన మూలనున్న కుళాయి వైపు చూపించాడు. మెరుగు పనికి వాడే స్పాంజి అక్కడ బకెట్లో నానుతోంది.

"తడిగుడ్డకి... దుమ్ము లేవదు. రా."

"ఈ చలిలో తడిసి బస్సెక్కాలా?" అని ఎవరో గొణిగారు. బావమరిది మాత్రం పైపు కింద పడేసి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. ఆయన స్పాంజి పిండాడు. కాలరు, భుజాలు, చంకలు, జేబులు. వరస తప్పలేదు. దుమ్ము లేవలేదు. స్పాంజి పిండినప్పుడల్లా బకెట్లోకి పాలలాంటి నీళ్ళు దిగాయి. బావమరిది చలికి వణుకుతూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. జుట్టు తుడిచేటప్పుడు ఆయన చెయ్యి కాస్త ఎక్కువసేపే ఆ తలమీద ఉంది.

తర్వాత బట్టతలాయన వచ్చాడు. "నా తలకి ఎక్కువ నీళ్ళు ఖర్చు కావులే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అయినా ఆ మాటతో మిగిలినవాళ్ళు కదిలారు. ఒక్కొక్కరే వచ్చారు. బకెట్లో నీళ్ళు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. నాలుగో మనిషి దగ్గర ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆయనకు అందేలా వంగి నిలబడ్డారు.

అందరూ బస్సుకోసం వెళ్ళిపోయారు. బావమరిది ఒక్కడే ఉండిపోయాడు.

"అందరికీ చేశావు. నీకెవరు తుడుస్తారు?" అంటూ స్పాంజి అందుకున్నాడు. ఆయన గోడకు తల ఆనించి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, నోరు మూసుకున్నాడు. బావమరిది కాలరు తుడిచాడు. భుజాలు తుడిచాడు.

"పాప సంగతి చెప్పానా బావా? నిన్న నన్ను వాసన చూసి..." అని ఏదో చెబుతూ, "చెయ్యెత్తు" అన్నాడు.

చెయ్యి లేవలేదు.

"చెయ్యెత్తు బావా. చంక తుడవాలి."

తనే ఎత్తి చూశాడు. వదలగానే అది ఒళ్ళోకి జారిపోయింది. మెడకింద గుంట నిశ్చలంగా ఉంది. బావమరిది మరికాసేపు, ఏం చెయ్యాలో తెలియక, ఆ చెయ్యే తుడుస్తూ నిలబడ్డాడు.

షెడ్డులో పని రెండు రోజులు ఆగి, మూడో రోజు మొదలైంది. రాతి గాట్లు ఊదడానికి ఓనరు కొత్త నాజిల్ తెప్పించి బిగించాడు. ఆ సాయంత్రం బట్టతలాయన అలవాటు కొద్దీ వెళ్ళి పైపు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ గాలి తగలలేదు. కళ్ళు తెరిచి, ఖాళీగా ఉన్న ఎదుటి చోటు చూసి, కుళాయి దగ్గరకు నడిచాడు. అక్కడ అప్పటికే స్పాంజి పిండుతున్న బావమరిది దగ్గుతున్నాడు. గరగర తగ్గలేదు.

ఇంట్లో జనం పల్చబడ్డాక ఆయన భార్య వంటింట్లోకి వెళ్ళింది. తమ్ముడు తెచ్చి పెట్టిన భోజనం డబ్బా గట్టు మీద అలాగే ఉంది. కదిపితే లోపల ఏదో గణగణమంది. మూత తీసింది. ఎండిపోయిన అన్నం మెతుకుల మధ్య ఇత్తడిది ఏదో ఉంది. అదేమిటో ఆమెకు తెలియదు. ఒకవైపు అరిగిన చోట మాత్రం ఆయన అరచేతి ఒంపు గుర్తుపట్టింది. ఆయనది కాబట్టి పారెయ్యబుద్ధి కాలేదు. కుళాయి కింద పెట్టి కడిగింది. దాని మూతిలోంచి తెల్లటి నీళ్ళు కారాయి. పందొమ్మిదేళ్ళలో ఆ దుమ్ము ఆ ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. మళ్ళీ కడిగింది, మళ్ళీ తెల్లటి నీళ్ళే. మూడోసారి కడిగి, పమిటతో తుడిచి, ఆయన గ్లాసు పక్కన గిన్నెల మధ్య బోర్లించింది. ఆరడానికి పెట్టిన దాని మూతి కింద, గట్టు మీది నునుపైన రాతి పలకపై, ఒక తెల్లని చుక్క నిలిచింది.